ఇంపోర్ట్ కొడితే అయిపోతుందట!

హైదరాబాద్‌లో కంప్యూటర్ కోర్సులు నేర్పే అమీర్‌పేటలో ఒక మాట చాలా తేలిగ్గా వినిపిస్తుంది. మైత్రీవనం దగ్గర పాంప్లెట్ చేతిలో పెట్టే కుర్రాడి నుంచి, మూడో అంతస్తులో బోర్డు ముందు నిలబడే ఫ్యాకల్టీ దాకా అందరిదీ అదే మాట. "ఫాక్స్‌ప్రోనా? అవుట్‌డేటెడ్ సార్. డీబీఎఫ్ ఫైళ్లు యాక్సెస్‌లోకి ఇంపోర్ట్ కొట్టేయండి, ఒక పూట పని. పాత సిస్టమ్ తీసి పారేయొచ్చు." అక్కడికి ఒక్క మెట్రో స్టేషను దూరంలో పంజాగుట్ట. ఆ చుట్టుపక్కల సందుల్లో ఆడిటర్ల ఆఫీసులు, నర్సింగ్ హోములు, చిట్ కంపెనీలు, ఉద్యోగుల పరపతి సంఘాలు. వీటిలో కొన్నింటి పాతికేళ్ల లెక్కలు ఇప్పటికీ డీబేస్, ఫాక్స్‌ప్రో ఫైళ్లలోనే ఉన్నాయి. అమీర్‌పేట మాట నమ్మి నష్టపోతున్నది వీళ్లే.

ఆ మాటలో రెండు ముక్కలున్నాయి. మార్చడం సులువన్నది ఒకటి. మార్చాక పాతదానితో పని లేదన్నది రెండోది. రెండూ తప్పే. పైగా మొదటిది నమ్మినవాడు తొందరపడి రెండోది చేసేస్తాడు. ఆ తర్వాత మొదటిది తప్పని తేలినా సరిచూసుకోవడానికి చేతిలో ఏమీ మిగలదు.

వాళ్ల వాదనలో ఉన్న నిజం ముందే ఒప్పుకుంటాను. యాక్సెస్‌లో ఇంపోర్ట్ పనిచేస్తుంది. మెనూలో డీబేస్ ఫైల్ అని ఎంచుకుని, ఫోల్డరు చూపించి, ఓకే నొక్కితే నిమిషంలో టేబుల్ కళ్ల ముందు ఉంటుంది. పేర్లు పేర్ల కిందా, అంకెలు అంకెల కిందా వచ్చి కూర్చుంటాయి. నా అభ్యంతరం సరిగ్గా అక్కడే. ఎర్రర్ వచ్చి ఆగిపోతే మనిషి ఆలోచిస్తాడు, ఎవరినో అడుగుతాడు. ఏ ఎర్రరూ లేకుండా తప్పు లెక్క వస్తే దాన్ని ప్రింటు తీసి, సంతకం పెట్టి, ఆడిటరుకు పంపిస్తాడు.

డీబేస్ తన డేటాను దాచుకునే డీబీఎఫ్ ఫైలు పుట్టుక గురించి రెండు ముక్కలు. అమెరికాలో జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో పనిచేసిన వేన్ రాట్‌లిఫ్ ఆఫీసు ఫుట్‌బాల్ పందేల కోసం రాసుకున్న వల్కన్ అనే ప్రోగ్రాము, ఆష్టన్ టేట్ కంపెనీ చేతికొచ్చి డీబేస్ 2 అయింది. డీబేస్ 1 అన్నది లేనే లేదు, అమ్మకానికి ఆ అంకె బాగుంటుందని 2 పెట్టారు. 1984లో డీబేస్ 3 వచ్చింది. ఒహాయో రాష్ట్రంలోని ఫాక్స్ సాఫ్ట్‌వేర్ అదే డీబీఎఫ్ ఫైలును ఇంకా వేగంగా నడిపే ఫాక్స్‌ప్రో తయారుచేసింది. 1992లో ఆ కంపెనీని మైక్రోసాఫ్ట్ కొనేసి, ఆ ఏడాది నవంబరులోనే తన సొంత యాక్సెస్‌నూ మార్కెట్లోకి వదిలింది. 2007 మార్చిలో విజువల్ ఫాక్స్‌ప్రోకి ఇక కొత్త వెర్షన్ రాదని చెప్పింది. 2015 జనవరితో సపోర్ట్ కూడా ఆపేసింది. మన దగ్గర 90లలో పీజీడీసీఏ చేసిన ప్రతివాడూ వర్డ్‌స్టార్, లోటస్‌లతో పాటు డీబేస్ డాట్ ప్రాంప్ట్ ముందు కూర్చున్నవాడే. అలా నేర్చుకున్నవాళ్లు రాసిపెట్టిన ప్రోగ్రాములే ఈ ఆఫీసులన్నిటినీ ఇంతకాలం నడిపించాయి.

ఇక ఫైలు సంగతి. డీబీఎఫ్‌ను హెక్స్ ఎడిటర్‌లో తెరిచి చూడండి. మొదటి బైటు అది ఏ రకం ఫైలో చెబుతుంది. తర్వాతి మూడు చివరిసారి మార్చిన తేదీ. ఆ తర్వాత నాలుగు బైట్లలో రికార్డుల సంఖ్య. ఒక్కో ఫీల్డుకు ముప్పైరెండు బైట్ల వివరం, ఫీల్డు పేరుకు పది అక్షరాలకు మించి చోటు లేదు. ఆ కిందంతా రికార్డులు, మామూలు అక్షరాల్లో, కంటికి కనిపించేటట్టే ఉంటాయి. ప్రతి రికార్డుకూ ముందు ఒక బైటు ఉంటుంది. అక్కడ ఖాళీ ఉంటే ఆ రికార్డు బతికి ఉన్నట్టు, నక్షత్రం గుర్తు ఉంటే తీసేసినట్టు. తీసేసినా అది ఫైలులోంచి పోదు. ప్యాక్ అనే కమాండ్ ఇచ్చేదాకా నక్షత్రం పెట్టుకుని అక్కడే పడి ఉంటుంది.

పంజాగుట్టలో ఒక పరపతి సంఘంలో జరిగిన సంగతి చెబుతాను. అక్కడి గుమాస్తా అప్పు తీరిన ప్రతి ఖాతానూ డిలీట్ చేసేవాడు కానీ ప్యాక్ కొట్టేవాడు కాదు. కరెంటు మధ్యలో పోతే ఫైలంతా పాడవుతుందని ఆయన భయం. ఆ రోజుల్లో అది అర్థమున్న భయమే. ఫాక్స్‌ప్రోలో సెట్ డిలీటెడ్ ఆన్ అని ప్రోగ్రాము మొదట్లోనే ఉంది కాబట్టి నక్షత్రాల ఖాతాలు తెరమీద కనపడేవి కావు. డేటా మార్చడానికి వచ్చిన కుర్రాడు ఏదో ఉచిత కన్వర్టర్ వాడి, సంతోషంగా తల పైకెత్తాడు.

"అంకుల్, ఐదు వేల చిల్లర వచ్చాయి. ఒక్క రికార్డు కూడా మిస్ కాలేదు."

"అదే బాబూ నా భయం. నాలుగు వేలే రావాలి."

అప్పు తీర్చేసిన వేయి మంది మళ్లీ బాకీదారులై కూర్చున్నారు. కన్వర్టర్‌ది తప్పు అనలేం. నక్షత్రం ఉన్నవాటిని వదిలేసే సాధనాలున్నాయి, తెచ్చేవీ ఉన్నాయి, సెట్టింగును బట్టి రెండు రకాలుగానూ ప్రవర్తించేవీ ఉన్నాయి. తాను వాడుతున్నది ఏ రకమో తెలుసుకోవడమే ఆ కుర్రాడి పని. ఆ నక్షత్రం సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే అది అవుట్‌డేటెడ్.

అదే సంఘంలో సభ్యుని నంబరు 9తో మొదలైతే ఆ మనిషి డెప్యుటేషన్ మీద వచ్చినవాడని అర్థం. వాయిదా జీతంలో కోయరు, చేతి రసీదు మీద తీసుకుంటారు. ఈ సంగతి ఏ టేబుల్‌లోనూ లేదు. ప్రోగ్రాము రాసిన పీఆర్‌జీ ఫైలులో ఎక్కడో ఒక ఇఫ్ కింద ఉంది, గుమాస్తా తలలో ఉంది. యాక్సెస్ ఇంపోర్ట్ పీఆర్‌జీని ముట్టుకోదు. రిపోర్టులను ముట్టుకోదు. ఏ టేబుల్ దేనితో ముడిపడుతుందో డీబీఎఫ్‌లో రాసి ఉండదు, ఆ ముడి ప్రోగ్రాములో వేస్తారు. డేటా మొత్తం వచ్చేసిందని గొప్పగా చెప్పేవాళ్లు, ఆ డేటాకు అర్థం చెప్పే భాగాన్ని మొత్తంగా అక్కడే వదిలేసి వచ్చారన్నమాట.

వడ్డీ లెక్క చూడండి. పన్నెండున్నర రూపాయలను పూర్తి రూపాయికి సవరించమంటే ఫాక్స్‌ప్రోలోని రౌండ్ పదమూడు ఇస్తుంది. యాక్సెస్‌లోని రౌండ్ పన్నెండు ఇస్తుంది, సరిగ్గా సగం దగ్గర సరిసంఖ్య వైపు మొగ్గడం దాని పద్ధతి. పదమూడున్నరకు మాత్రం రెండూ పద్నాలుగే అంటాయి. కాబట్టి రెండు మూడు ఖాతాలు వేసి చూసి సరిపోయిందనుకున్నవాడికి తేడా దొరకదు. సంవత్సరాంతంలో జమాఖర్చు కూడినప్పుడు కొన్ని రూపాయలు తేలవు. ఆ కొన్ని రూపాయల కోసం గుమాస్తా రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చుంటాడు, తప్పు తనదేననుకుంటూ.

యూనిక్ ఇండెక్స్ కథ ఇంకా వింత. డీబేస్ కుటుంబంలో ఇండెక్స్‌ను యూనిక్ అని కడితే ఒకే నంబరుతో రెండో రికార్డు రాకుండా అడ్డుకుంటుందని చాలామంది అనుకుంటారు. అడ్డుకోదు. రెండోది టేబుల్‌లోకి వస్తుంది, ఇండెక్స్‌లోకి మాత్రం రాదు, అందుకని కనపడదు. ఇరవై ఏళ్లుగా అలా కనపడకుండా పేరుకున్న డూప్లికేట్లన్నీ ఇంపోర్ట్ రోజున ఒక్కసారిగా బయటపడతాయి. సభ్యుని నంబరును ప్రైమరీ కీగా పెట్టిన టేబుల్‌లోకి అపెండ్ చేస్తే, కీ వయొలేషన్ల వల్ల ఇన్ని రికార్డులు చేర్చలేకపోతున్నాను, అయినా కానివ్వనా అని యాక్సెస్ మర్యాదగానే అడుగుతుంది. సాయంత్రం ఆరయింది, అవతల బండి పార్కింగ్ గొడవ. ఎస్ నొక్కుతారు. ఏ రికార్డులు పోయాయో ఎవరూ రాసుకోరు.

ఖాళీకీ సున్నాకీ తేడా మరొకటి. డీబీఎఫ్ లాజికల్ ఫీల్డులో అవును, కాదు, ఇంకా నింపలేదు అని మూడు స్థితులుంటాయి. యాక్సెస్ ఎస్/నో ఫీల్డులో రెండే. నింపనిది కాస్తా కాదు అయిపోతుంది. కిరాణా కొట్టుకు ఇదేమీ పెద్ద విషయం కాదు. నర్సింగ్ హోములో మందు పడదా అన్న ఫీల్డు గురించి ఆలోచించండి. ఎవరూ అడగని రోగికీ, అడిగితే పడుతుందని చెప్పిన రోగికీ ఇకపై తేడా లేదు.

మెమో ఫీల్డులదీ ఇదే గతి. ఫాక్స్‌ప్రోలో డాక్టరు రాసుకున్న పొడుగాటి నోట్సు డీబీఎఫ్‌లో ఉండదు, పక్కనే ఎఫ్‌పీటీ అనే జంట ఫైలులో ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో డీబీఎఫ్ ఒక్కటే తెచ్చుకుని తెరవబోతే తెరుచుకోదు. దీనికి ఒక చిట్కా చెప్పేవాళ్లున్నారు: మొదటి బైటులో ఎఫ్5 ఉంటే దాన్ని 03గా మార్చేయమంటారు. ఫైలు నిజంగానే తెరుచుకుంటుంది. కాకపోతే నోట్సు ఉండాల్సిన చోట మిగిలేది ఒక బ్లాకు నంబరు, అంతే. అలా మార్చినవాడు పాత డిస్కును కూడా ఫార్మాట్ చేసి ఉంటే ఆ రోగి చరిత్రంతా ఇక ఆ నంబరే.

నేరుగా ఇంపోర్ట్ కుదరక సీఎస్‌వీ టెక్స్ట్ ఫైలు మీదుగా వెళ్లేవాళ్ల దారిలో తేదీలు కాచుకుని ఉంటాయి. డీబీఎఫ్ లోపల తేదీ ఎనిమిది అంకెల్లో, నాలుగంకెల సంవత్సరంతో భద్రంగానే ఉంది. సెట్ సెంచరీ ఆఫ్‌లో ఉండగా రిపోర్టును టెక్స్ట్‌గా తీస్తే సంవత్సరం రెండంకెలవుతుంది. 1925లో పుట్టిన పింఛనుదారు 2025లో పుట్టిన పసివాడవుతాడు. విండోస్‌లో తేదీ పద్ధతి అమెరికాదై ఉంటే ఆగస్టు 5 కాస్తా మే 8 అవుతుంది. ఆగస్టు 13 మాత్రం ఆగస్టు 13గానే వస్తుంది, పదమూడో నెల లేదు కాబట్టి. అంటే కొన్ని తేదీలు తప్పు, కొన్ని ఒప్పు, ఏవి ఏవో ఫైలును చూడగానే తెలియదు. అన్నీ తప్పయితే ఎంత బాగుండేది!

వీటన్నిటికంటే నాకు కోపం తెప్పించేది తెలుగు గురించి ఎవరూ మాట్లాడకపోవడం. యూనికోడ్ ఇళ్లల్లోకి రాకముందు డాస్ తెరమీద తెలుగు కావాలంటే సీడాక్ వాళ్ల జిస్ట్ కార్డు ఉండేది. అక్షరాలు ఇస్కీ అనే భారతీయ భాషల కోడ్ పద్ధతిలో 128కి పైనున్న బైట్లలో దాగేవి. యాక్సెస్ వాడే పాత డీబేస్ డ్రైవరుకు మీరు వేరే చెప్పకపోతే, అది ఆ బైట్లు డాస్ కాలపు ఓఈఎం అక్షరాలని అనుకుని వాటిని విండోస్ పద్ధతికి మార్చేస్తుంది. మన క, గ, రలు పొంతన లేని గుర్తులై వస్తాయి. అంతవరకైతే వెనక్కి తిప్పుకోవచ్చు. ఆ మార్పులో ఎక్కడైనా రెండు మూడు వేర్వేరు బైట్లు ఒకే గుర్తుగా కలిసిపోతే మాత్రం ఏ కన్వర్టరూ వాటిని విడదీయలేదు. అసలు ఫైలు చేతిలో ఉంటే ఇబ్బంది లేదు. డ్రైవరును మార్చవద్దని చెప్పి, బైట్లను ఉన్నవి ఉన్నట్టు తీసుకుని, ఇస్కీ నుంచి యూనికోడ్‌కు తేవచ్చు. యూనికోడ్ తెలుగు వరస ఇస్కీని చూసి పెట్టిందే, కాబట్టి దారి సుగమం. ఫాంటు ఆధారంగా టైపు చేసిన తెలుగు ఇంకో తలనొప్పి, దాని పట్టిక ఫాంటుకొకటి. చేతికందేలా ఇన్ని దారులుండగా, "తెలుగు కాలమ్ కరప్ట్ అయింది సార్, డిలీట్ చేద్దామా" అని అడిగినవాణ్ని నేను చూశాను. కరప్ట్ కాలేదు నాయనా, నువ్వు చదవడం రాక అలా కనిపిస్తోంది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది, న్యాయమైనదే. అయితే పాత డబ్బానే పట్టుకుని వేలాడమంటావా? అనను. 64 బిట్ విండోస్ మీద డాస్ ఫాక్స్‌ప్రో నేరుగా నడవదు. డాస్‌బాక్స్ లాంటివి పెట్టి నడపాలి, ప్రింటరుతో కుస్తీ పట్టాలి. విజువల్ ఫాక్స్‌ప్రో కోసం మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఓఎల్ఈడీబీ డ్రైవరు 32 బిట్‌లోనే ఆగిపోయింది. హార్డ్ డిస్కు ఏ రోజు మొరాయిస్తుందో తెలీదు. మారాలి, తప్పదు. మారడానికి నేను వ్యతిరేకిని కాను. చిట్టా, ఆవర్జా కలవకుండానే కొత్త పుస్తకం తెరిచే పద్ధతికి వ్యతిరేకిని.

యాక్సెస్ కూడా పాతదే, అంతా క్లౌడ్‌లో పెట్టేయమనేవాళ్లు ఇంకొందరు. ముగ్గురు మనుషులున్న ఆఫీసుకు నెలనెలా అద్దె ఎందుకన్నది అటుంచండి. పైన చెప్పిన నక్షత్రాలు, డూప్లికేట్లు, రెండంకెల తేదీలు క్లౌడ్‌కు వెళ్తే మాయమవుతాయా? అవే తప్పులు ఇంకా దూరంగా, ఇంకా ఖరీదైన చోట ఉంటాయి.

ఇక రెండో ముక్క: పాత ఫైలు పారేయొచ్చన్నది. కొత్తదానికి పాతదాని కంటే ఆయుష్షు ఎక్కువన్న నమ్మకం మీద ఈ మాట నిలబడింది. చరిత్ర వేరేగా ఉంది. 90ల చివర్లో బుద్ధిగా యాక్సెస్ 97కు మారినవాళ్ల ఎండీబీ ఫైళ్లను యాక్సెస్ 2013 తెరవనంది. అదే 2013లో డీబేస్ ఫైళ్లకు కూడా తలుపు మూసేశారు. వాడేవాళ్లు గోల పెట్టాక 2016లో ఆఫీస్ 365 చందాదారులకు మళ్లీ తెరిచారు. 97 తలుపు మాత్రం మూసే ఉంది. అంటే 1986 నాటి డీబీఎఫ్‌ను ఇవాళ తెరవడం 1997 నాటి ఎండీబీని తెరవడం కన్నా తేలిక. లిబ్రేఆఫీస్ బేస్‌కు డీబీఎఫ్‌లున్న ఫోల్డరు చూపిస్తే చాలు, ఇంపోర్ట్ కూడా అక్కర్లేదు, టేబుళ్లుగా చూపిస్తుంది. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. ఆ ఫైలు నిర్మాణం రెండు పేజీల్లో రాయొచ్చు, ఓపికున్న విద్యార్థి వారంలో దాన్ని చదివే ప్రోగ్రాము రాసుకోవచ్చు.

చచ్చిపోయిందంటున్న ఆ డీబీఎఫ్ ఎక్కడెక్కడ బతికి ఉందో కూడా చూడండి. మ్యాపుల పనిలో ప్రపంచమంతా వాడే షేప్‌ఫైలులో గీతలు ఒక ఫైలులో, ఆ గీతల వివరాలు డీబీఎఫ్‌లో ఉంటాయి. అది లేకపోతే వార్డు హద్దు కనిపిస్తుంది కానీ ఆ వార్డు పేరు కనిపించదు. అమీర్‌పేటకు కాస్త దూరంలోనే బాలానగర్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉంది. మ్యాపుల పని నేర్చుకుని అటువైపు ఉద్యోగం చూసుకునే పిల్లవాడికి మొదటి నెలలోనే డీబీఎఫ్ ఎదురవుతుంది. పక్క బిల్డింగులోనే అది చచ్చిపోయిందని ఫీజు కట్టి మరీ విని ఉంటాడు.

అసలు ఈ మాట అమీర్‌పేట నోట రావడమే విడ్డూరం. ఈ పేట దశ తిరిగింది ఎలా? 1998, 99లలో వైటూకే అనే రెండంకెల సంవత్సరాల గండం పుణ్యాన. అప్పుడు ఇక్కడి సందుల్లో నేర్పింది కొత్త భాషలొక్కటే కాదు, కోబాల్ కూడా. అప్పటికే ముప్పై, నలభై ఏళ్ల పాత భాష. ఎవరో ఎప్పుడో రాసిన ప్రోగ్రామును చదివి, రెండంకెల సంవత్సరం ఎక్కడుందో పట్టుకోగలగడమే మనవాళ్లు అమెరికాకు అమ్ముకున్న విద్య. ఆ విద్యతో కట్టిన హాస్టళ్లు, టిఫిన్ సెంటర్లు, మెటీరియల్ అమ్మే జిరాక్స్ షాపులు ఇవాళ్టికీ ఉన్నాయి. అదే పేట ఇప్పుడు మన పంజాగుట్ట గుమాస్తా దగ్గరున్న పాత ప్రోగ్రామును చదవడం దండగ అంటోంది. డాలర్లిచ్చేవాడి పాతది లెగసీ, మనవాడి పాతది చెత్తా?

ఖర్చు మాట ఎత్తుతారని తెలుసు. ఇవన్నీ చూసుకుంటూ కూర్చుంటే ఒక పూట పని నెల పడుతుంది, ఎవరిస్తారు అంత డబ్బు అని. నెల పట్టదు. మార్చేముందు ఫాక్స్‌ప్రోలో, మార్చాక యాక్సెస్‌లో రికార్డుల లెక్క, సంవత్సరాల వారీగా మొత్తాలు తీసి పక్కపక్కన పెట్టడానికి ఒక రోజు. నక్షత్రాల జాబితా, డూప్లికేట్ల జాబితా వేరేగా తీసి గుమాస్తాకు ఇస్తే ఆయన రెండు మూడు రోజుల్లో పెన్సిలుతో టిక్కులు పెట్టేస్తాడు, ఎందుకంటే ఆ పేర్లలో సగం మంది ఆయనకు ముఖపరిచయమే. పీఆర్‌జీ ప్రింటు తీసి ఆయన పక్కన కూర్చుని ఒక్కో ఇఫ్ ఎందుకుందో అడిగి రాసుకోవడమే ఉన్నంతలో పెద్ద పని. అది కంప్యూటర్ పని కాదు, వినే పని. ఆ తర్వాత గడిచిన ఒక నెల జమాఖర్చును రెండు చోట్లా నడిపి చూడాలి. ఆ ఫైళ్లలో జనం పేర్లు, జబ్బులు, బాకీలు ఉన్నాయి కాబట్టి పెన్‌డ్రైవ్‌లో వేసి ఏ షాపుకో పంపకుండా ఈ పనంతా ఆ ఆఫీసులోనే చేయాలి. 2023లో వ్యక్తిగత డేటా రక్షణకు చట్టం కూడా చేసుకున్నాం, గుర్తుంటే. చివరగా పాత ఫోల్డరు మొత్తం, ఎఫ్‌పీటీ, ఇండెక్స్‌లుండే సీడీఎక్స్, పీఆర్‌జీలతో సహా, ముట్టుకోకుండా రెండు డిస్కుల్లో కాపీ. పాతికేళ్ల లెక్కలైనా ఇవాళ్టి ఒక్క పెళ్లి వీడియో అంత చోటు కూడా తినవు.

ఈ పని తెలిసినవాళ్లు దొరకరన్నది కూడా సాకే. 90లలో ఇక్కడే ఫాక్స్‌ప్రో నేర్చుకుని, ఇప్పుడు యాభైల్లో ఉన్నవాళ్లు ఎస్.ఆర్. నగర్, యూసుఫ్‌గూడ ఇళ్లల్లో బోలెడుమంది. వాళ్లలో కొందరిని పిలిచి శనివారాలు రెండు గంటల క్లాసు పెట్టిస్తే పిల్లలకు నక్షత్రం అంటే ఏమిటో తెలుస్తుంది. ఏ ఇన్‌స్టిట్యూటూ ఆ పని చేయడం లేదు, పాంప్లెట్‌లో వేసుకోవడానికి ఆకర్షణగా ఉండదని కాబోలు.

అంతవరకు పంజాగుట్ట ఆఫీసులవాళ్లు చేయగలిగింది ఒకటుంది. ఎవరైనా వచ్చి ఒక పూట పని అంటే కాదనకండి, ఇంపోర్ట్ నిజంగా ఒక పూట పనే. ఆ పూటకు ఎంతవుతుందో అంతే ఇవ్వండి. మిగతా పనికి వేరే కొటేషన్ రాసి తెమ్మనండి, నక్షత్రాలను ఏం చేస్తాడో, డూప్లికేట్లు ఎవరికి చూపిస్తాడో, రెండు చోట్ల మొత్తాలు కలవకపోతే ఎవరు కూర్చుంటారో వరసగా రాసి.